రెండో ప్రతి: తాటాకు కట్ట నుంచి రెప్లికేషన్ సర్వర్ దాకా

సావనీరు సంచికల్లో సాధారణంగా కవిత్వం గురించో, గుళ్ళ గురించో, పాత సినిమా పాటల గురించో వ్యాసాలుంటాయి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. దాదాపు ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం ఒక్కటే. ఒక ఊళ్ళో ఉన్న డేటాకి మరో ఊళ్ళో రెండో ప్రతి తయారుచెయ్యడం, ఆ ప్రతి ఎప్పుడడిగినా పనికొచ్చేలా చూసుకోవడం. దీన్ని మా వాళ్ళు రెప్లికేషన్ అంటారు. ఆ రెండో ప్రతి ఉండే యంత్రం రెప్లికేషన్ సర్వర్. పార్టీల్లో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే నేను ఈ మాట చెప్పడం, వాళ్ళు వెంటనే పిల్లల చదువుల్లోకి మాట మార్చెయ్యడం నాకు అలవాటైపోయింది. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. మధ్యలో మాట మార్చలేరు కదా!

హాస్యానికేం గానీ, ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. మన భాషలో ఇవాళ సాహిత్యమంటూ మిగిలి ఉందంటే దానికి కారణం ఈ రెండో ప్రతే. ఆ చరిత్రని, కంప్యూటర్ల చరిత్రని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వెంట వచ్చే ప్రతి వేరు, వెనక నిలిచే ప్రతి వేరు. రెండూ కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదిలేసినవాళ్ళు నష్టపోయారు.

తాటాకుల కాలం

నన్నయ గారు పదకొండో శతాబ్దంలో తన చేతి మీదుగా రాయించిన భారతం మనకి దొరకలేదు. తిక్కన గారిదీ అంతే. మన దగ్గరున్నవన్నీ ప్రతికి ప్రతి, దానికి మరో ప్రతి. తాటాకు మీద గంటంతో గీసి, మసి పూసి తుడిస్తే అక్షరం కనపడుతుంది. కానీ మన వేడికీ తేమకీ, చెదలకీ పురుగులకీ ఆ ఆకు ఎక్కువ కాలం ఆగదు. నిమ్మగడ్డి నూనె రాసి గుడ్డలో చుట్టి జాగ్రత్త చేసినా కొన్ని తరాలే. అది శిథిలమయ్యే లోపల ఎవరో కూర్చుని కొత్త ఆకుల మీద ఎత్తి రాయాలి. ఒక్క తరం బద్ధకిస్తే ఆ కావ్యం పోయినట్టే. గ్రామ కరణాల దగ్గరుండే కవిలెలదీ ఇదే కథ. ఊరి భూముల లెక్కలూ, మాన్యాల వివరాలూ పాత కట్ట పాడైపోతుంటే కొత్త కట్టలోకి ఎక్కించుకుంటూ పోవాల్సిందే.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. రాసేవాడు ఒక పదం తప్పు చదివితే, ఆ ప్రతి నుంచి తీసిన ప్రతులన్నిటిలోకీ ఆ తప్పు పాకుతుంది. మన పండితులు పాఠభేదాలు అంటారే, అవి చాలావరకు ఇలా పుట్టినవే. అంటే ప్రతి తీసే పద్ధతి ఎంత నమ్మకంగా పనిచేస్తే, తప్పు కూడా అంత నమ్మకంగా చేరిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

దీనికి విరుగుడు చేసి చూపించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టిన ఈయన 1820లో ఉద్యోగరీత్యా కడప వచ్చాడు. సొంత డబ్బు పెట్టి పండితులనీ, లేఖకులనీ తన దగ్గర ఉంచుకున్నాడు. ఒక కావ్యానికి ఒక్క కట్టతో ఊరుకోకుండా, రకరకాల ఊళ్ళ నుంచి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి, తేడాలు గుర్తించి, అప్పుడు శుద్ధప్రతి రాయించేవాడు. వేమన పద్యాలు 1829లో అచ్చులోకి వచ్చింది ఈ శ్రమ వల్లనే. అంతకుముందు కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు మొదలైనవారు ఊరూరా తిరిగి సేకరించిన గ్రామచరిత్రల రాతప్రతులు పాడైపోతుంటే, వాటికీ బ్రౌన్ కొత్త నకళ్ళు తీయించాడు. ఆయన సేకరణ మద్రాసు చేరి, చివరికి అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో నిలిచింది. ఒకే రాతకి అనేక ప్రతులు పెట్టుకుని, ఒకదాని తప్పు మరోదానితో పట్టుకోవడమనే ఉపాయాన్ని ఇవాళ మా యంత్రాలు కూడా అచ్చంగా ఇలాగే చేస్తున్నాయి.

రాగిరేకుల దారి

తాటాకుకి పూర్తిగా భిన్నమైన దారి తిరుమలలో ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుల వారి (1408–1503) సంకీర్తనలని వారి కుమారుడు పెద తిరుమలాచార్యుల హయాంలో రాగిరేకుల మీద చెక్కించారు. ఆలయంలోనే ఒక రాతి అరలో భద్రపరిచారు. సంప్రదాయం ప్రకారం అన్నమయ్య పాటలు 32,000. రేకుల మీద మనకి దక్కినవి సుమారు 12,000 పైచిలుకు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అవి మళ్ళీ వెలుగులోకి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దల పూనికతో అచ్చుకెక్కాయి.

రాగిరేకు మీద ఒకసారి చెక్కాక మార్పు లేదు. ఎవరూ దాన్ని సవరించలేరు, పొరపాటున చెరపలేరు. కొన్ని వందల ఏళ్ళు ఎవరూ చూడకపోయినా చెక్కినది చెక్కినట్టే ఉంది. కానీ కొత్త పాట పుడితే ఆ రేకులో దానంతట అది చేరదు, మళ్ళీ కంసాలి కావాలి. తాటాకు ప్రతి కాలంతో పాటు నడుస్తుంది, తప్పుల్ని కూడా మోసుకుంటూ. రాగిరేకు కదలదు, అందుకే తప్పు దాని దగ్గరికి రాదు. కంప్యూటర్లలో మొదటిదాన్ని రెప్లికేషన్ అంటాం, రెండోదాన్ని బ్యాకప్ అంటాం.

టేపుల నుంచి చిట్టాల దాకా

ఇక కంప్యూటర్ల సంగతి. ఐబీఎం కంపెనీ 1952లో మాగ్నెటిక్ టేపు యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుంచి కొన్ని దశాబ్దాల పాటు బ్యాకప్ అంటే టేపే. రాత్రి పని ముగిశాక డేటాని టేపుకి ఎక్కించి, మరో భవనానికి పంపేవారు. కాగితాలు దాచే పనిలో ఉన్న ఐరన్ మౌంటెన్ కంపెనీ 1951లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పాత ఇనుప గనిలో మొదలైంది. పేరు అలా వచ్చిందే.

రెండో ప్రతి లేకపోతే ఏమవుతుందో అమెరికా ప్రభుత్వానికి 1973 జూలై 12న తెలిసింది. సెయింట్ లూయిస్‌లో సైనికుల రికార్డులు దాచిన భవనం తగలబడి, ఒక కోటీ అరవై లక్షల నుంచి ఒక కోటీ ఎనభై లక్షల వరకు ఫైళ్ళు కాలిపోయాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్ములూ తీయలేదు. రెండు ప్రపంచయుద్ధాల్లో పోరాడిన ఎందరో తమ సర్వీసు రుజువు చేసుకోవడానికి ఇతర కాగితాలు వెతుక్కోవాల్సి వచ్చింది.

టేపులో ఉన్న లోటు ఏమిటంటే, అది నిన్న రాత్రిది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి యంత్రం చెడిపోతే పొద్దుటి నుంచి జరిగిన పని అంతా గల్లంతే. బ్యాంకులు దీన్ని భరించలేవు. ఈఎంసీ కంపెనీ 1994లో దూరంగా ఉన్న మరో డిస్కు పెట్టెకి ఎప్పటికప్పుడు ప్రతి పంపే ఎస్‌ఆర్‌డీఎఫ్ అనే సదుపాయం తెచ్చింది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో ఆర్‌సింక్ విడుదల చేశారు. ఫైలు మొత్తం పంపకుండా మారిన ముక్కలు మాత్రమే పంపడం దాని కిటుకు. మైఎస్‌క్యూఎల్‌లో 2000లో రెప్లికేషన్ వచ్చింది, 2001లో ఒరాకిల్ తన పద్ధతికి డేటాగార్డ్ అని పేరు పెట్టింది, 2010లో పోస్ట్‌గ్రెస్ కూడా ఆ దారిలోకి వచ్చింది.

ఇవన్నీ లోపల ఎలా పనిచేస్తాయి? మా తాతగారి కిరాణా కొట్టులో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. రోజంతా జరిగిన ప్రతి బేరమూ జరిగిన వరసలోనే చిట్టాలో పడుతుంది. తర్వాత దాన్ని చూసి ఎవరి ఖాతాలో ఎంత అన్నది ఆవర్జాలో వేస్తారు. ఆవర్జా పోయినా చిట్టా ఉంటే మళ్ళీ కట్టుకోవచ్చు. డేటాబేసు కూడా ప్రతి మార్పునీ ముందు లాగ్‌లో రాసుకుంటుంది, అదే దాని చిట్టా. తర్వాత పట్టికల్లో వేస్తుంది, అది ఆవర్జా. రెప్లికేషన్ సర్వర్ పెట్టడమంటే ఒక ముహూర్తాన ఆవర్జా పూర్తి నకలు రెండో ఊరికి చేర్చడం, ఆ క్షణం నుంచి చిట్టా పేజీలు ఎప్పటికప్పుడు పంపుతూ ఉండటం, అక్కడి యంత్రం వాటిని చూసి తన ఆవర్జా దిద్దుకుంటూ పోవడం. అంతే!

2001 తర్వాత

2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్ 101 నుంచి 105 అంతస్తుల్లో ఉన్న క్యాంటర్ ఫిట్జ్‌జెరాల్డ్ సంస్థ 658 మంది ఉద్యోగులని పోగొట్టుకుంది. ఆ దుఃఖానికి ఏ ప్రతీ లేదు. కానీ న్యూజెర్సీలోని రోషెల్ పార్క్‌లో వారికి రెండో డేటాసెంటర్ ఉంది. సెప్టెంబర్ 13న బాండ్ల మార్కెట్ తెరిచినప్పుడు ఆ సంస్థ ఎలక్ట్రానిక్ ట్రేడింగ్ విభాగం మళ్ళీ పనిచేసింది. బతికినవాళ్ళ ఉద్యోగాలూ, చనిపోయినవారి కుటుంబాలకి తర్వాత అందిన సహాయమూ ఆ సంస్థ నిలబడటం మీదే ఆధారపడ్డాయి.

రెండో ప్రతి ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వచ్చింది. 2002లో ఫెడరల్ రిజర్వ్ తదితర సంస్థలు ముసాయిదాలో 200–300 మైళ్ళ మాట ఎత్తాయి. 2003 ఏప్రిల్‌లో వచ్చిన తుది పత్రంలో దూరం అంకె పెట్టలేదు. రెండు చోట్లకీ ఒకే కరెంటు, ఒకే నీళ్ళు, ఒకే రోడ్లు, ఒకే టెలిఫోన్ వ్యవస్థ ఆధారం కాకూడదని మాత్రం చెప్పాయి. అదే ఏడాది ఆగస్టు 14న ఈశాన్య అమెరికాలోనూ కెనడాలోనూ సుమారు అయిదు కోట్ల మందికి కరెంటు పోయింది. ఆ సలహా విలువ అందరికీ తెలిసొచ్చింది.

మరి 2,000 మైళ్ళ అవతల పెట్టేస్తే సరిపోదా? కాంతి వేగం ఒప్పుకోదు. గాజుతీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్లు పోయి తిరిగి రావడానికి సెకనులో నూరో వంతు పడుతుంది. రెండో ఊరు "అందింది" అని చెప్పేదాకా ప్రతి లావాదేవీనీ ఆపితే పని నత్తనడక నడుస్తుంది. ఆపకుండా పంపితే వేగం ఉంటుంది గానీ, ప్రమాదం జరిగిన క్షణంలో దారిలో ఉన్నవి పోతాయి. దగ్గరైతే మొదటి పద్ధతి, దూరమైతే రెండో పద్ధతి. ఎంత పోయినా ఫరవాలేదో తేల్చవలసింది ఇంజనీరు కాదు, వ్యాపారం చేసేవారు.

నేను ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో, 2006లో, ఒక ఆర్థిక సంస్థకి ఇలాంటి సర్వర్ పెట్టే బృందంలో పనిచేశాను. డేటాబేసు సుమారు 2 టెరాబైట్లు. రెండు ఊళ్ళ మధ్య లైను 45 మెగాబిట్లు. లైను మొత్తం మాకే ఇచ్చినా మొదటి నకలు చేరడానికి నాలుగు రోజులు. పగలు ఆఫీసు వాడకానికి వదిలేసి రాత్రి ఎనిమిది గంటలే వాడితే పన్నెండు రోజులు. అందుకని టేపుల మీద ఎక్కించి కారులో తీసుకెళ్ళాం. నా పక్కన కూర్చున్న విజయనగరం మిత్రుడు "ఇంత టెక్నాలజీ చదివి చివరికి తపాలా బంట్రోతు పనే చేస్తున్నాం గురూ" అని నవ్వించాడు. అక్కడ టేపులు ఎక్కించి, మేం బయలుదేరిన క్షణం నుంచి పోగుపడిన చిట్టాలని వరసగా నడిపిస్తే, మర్నాడు తెల్లవారుజామున రెండో యంత్రం మొదటిదాన్ని అందుకుంది. అయినా మా మేనేజరు దాన్ని పూర్తయిన పనిగా ఒప్పుకోలేదు. ఒక శనివారం మొదటి యంత్రాన్ని ఆపించి, రెండోదాని మీద వ్యాపారం నడిపించి చూపించాకే సంతకం పెట్టారు. ఆ పట్టుదలకి ఆవిడని ఇప్పటికీ తలుచుకుంటాను.

వెంట వచ్చినంత మాత్రాన

ఇప్పుడు పాఠభేదాల సంగతికి వద్దాం. రెప్లికేషన్ సర్వర్ మంచి శిష్యుడు. గురువు ఏం చేస్తే అదే చేస్తుంది. గురువు పట్టిక చెరిపేస్తే శిష్యుడూ క్షణంలో చెరిపేస్తాడు. జర్నల్‌స్పేస్ అనే బ్లాగుల సైటు 2008 చివర్లో ఇలాగే పోయింది. వారి బ్యాకప్ అంతా ఒకదానికొకటి అద్దంలా ఉండే రెండు డిస్కులే. ఒకదాని మీద డేటా చెరిగిపోగానే రెండోదాని మీదా చెరిగిపోయింది. 2009 జనవరిలో ఆ సైటు మూతపడింది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో రెండో సర్వర్ వెనకబడిపోతే, దాన్ని మళ్ళీ మొదటి నుంచి నింపుదామని ఒక ఇంజనీరు అర్ధరాత్రి దాకా కష్టపడుతున్నాడు. రెండో యంత్రంలో చెరపవలసినది మొదటి యంత్రంలో చెరిపాడు. తేరుకుని ఆపేలోపు సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. అప్పుడు బ్యాకప్పులు వెతికితే, రోజూ పడుతున్నాయనుకున్నవి అసలు పడటమే లేదు. చివరికి మరో పరీక్ష కోసం ఆరు గంటల ముందు తీసి ఉంచిన ప్రతి ఒకటి ఆదుకుంది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రకటించింది కాబట్టే మా అందరికీ అది పాఠమైంది.

2011 ఫిబ్రవరిలో జీమెయిల్ వాడేవారిలో 0.02 శాతం మందికి ఉత్తరాలన్నీ మాయమయ్యాయి. గూగుల్ వాళ్ళు వేర్వేరు డేటాసెంటర్లలో ప్రతులు ఉంచారు. కానీ సాఫ్ట్‌వేర్ లోపం ఆ ప్రతుల్ని కూడా తాకింది. కాపాడింది ఏమిటో తెలుసా? యంత్రాలకి తగిలించకుండా బయట ఉంచిన టేపులు. మన రాగిరేకులే!

ఇంకా నేర్చుకోనివారూ ఉన్నారు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటాసెంటర్ బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే వ్యవస్థ ఒకటి 858 టెరాబైట్లతో సహా కాలిపోయింది. పరిమాణం మరీ పెద్దది కాబట్టి దానికి బయట బ్యాకప్ పెట్టలేదట. పెద్దది కాబట్టే పెట్టాలి కదా!

మన పుస్తకాలు, మన ఇళ్ళు

ఈ చరిత్రలో మనవాడొకరు గట్టి అధ్యాయం రాశారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్‌లో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకి నాయకత్వం వహించారు. భారతదేశం, చైనా, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయం అందులో భాగస్వాములు. ఒకప్పుడు నశించిన మహా గ్రంథాలయం ఉన్న ఊళ్ళోనే మళ్ళీ ప్రతులు ఉంచడం ఎంత బాగుంది! ఇందులోంచే వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. తర్వాతి కాలంలో ఆ సైటు పాత రూపంలో అందకుండా పోయింది. అయితే ఔత్సాహికులు అప్పటికే లక్షల పుస్తకాలని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు. ఇవాళ మనం రాత్రి పూట పడక మీద ఫోనులో పాత ‘భారతి’ తిరగేయగలుగుతున్నామంటే ఇలాంటి రెండో ప్రతుల పుణ్యమే.

స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయంలో 1999లో లాక్స్ అనే ప్రాజెక్టు మొదలైంది. అనేక గ్రంథాలయాల్లో ఒకే పత్రిక ప్రతులు ఉంచి, ఆ యంత్రాలు అప్పుడప్పుడు తమ ప్రతుల్ని ఒకదానితో ఒకటి పోల్చుకుని, తేడా వచ్చినవాడు ఎక్కువమంది దగ్గరున్న పాఠాన్ని చూసి దిద్దుకోవాలి. కడపలో బ్రౌన్ పండితులు చాప మీద కూర్చుని చేసిన పనికి ఇది దగ్గరి చుట్టం.

ఇక మన సంగతి. మీ చేతిలో ఉన్న ఈ సావనీరు వేల ఇళ్ళకి చేరుతుంది. ఏ ఒక్క గరాజ్‌లో నీళ్ళొచ్చినా పుస్తకం పోదు. ఇంతకంటే మంచి రెప్లికేషన్ లేదు. కానీ ముప్ఫై ఏళ్ళ కిందటి సభల వీడియో క్యాసెట్ల మాటేమిటి? ఇక్కడికి వచ్చిన మొదటి తరం పెద్దల గొంతులు వాటిలో ఉన్నాయి. చాలావాటికి ఉన్నది ఒక్క ప్రతి, ఎవరో ఒక కార్యకర్త బేస్‌మెంట్‌లో. మన అమ్మానాన్నల ఫోటోలు ఒక్క ఫోనులో ఉన్నాయి. ఫోను నుంచి క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి కదా అంటారేమో. అది వెంట వచ్చే ప్రతి. ఫోనులో చెరిపితే, కొద్ది రోజుల గడువు దాటాక అక్కడా ఉండకపోవచ్చు.

2005లో పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ఫోటోలు దాచుకునేవారికి చెప్పిన సూత్రం సులువైనది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఇంటి కంప్యూటర్లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, ఒక డిస్కు మీద ఎక్కించి వేరే రాష్ట్రంలో ఉన్న తమ్ముడింట్లోనో, హైదరాబాదులో అక్కయ్యగారింట్లోనో ఒకటి. ఖర్చు ఒక కుటుంబం హోటల్లో చేసే రెండు మూడు భోజనాలంత. ప్రతి సంఘమూ తన రికార్డులకి, వీడియోలకి ఇదే ఏర్పాటు చేసుకుని, ఎవరి దగ్గర ఏముందో కార్యవర్గం మారినప్పుడల్లా కొత్తవారికి రాసి అప్పగించాలని నా మనవి.

చివరిగా ఒక్క మాట. తెరిచి చూడని ప్రతి ఉందో లేదో తెలియదు. దసరాల్లో సరస్వతీ పూజ నాడు పుస్తకాలు బయటికి తీసి పూజలో పెట్టడం మన ఆచారం. ఆ రోజే ఆ డిస్కు కూడా తెప్పించి, తగిలించి, ఒక్క ఫోటో, ఒక్క పాట తెరిచి చూడండి. తెరుచుకోకపోతే మిగతా రెండు ప్రతుల్లోంచి కొత్తది చేసుకోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.